కాలికి తగలని గీత

నా చిన్నప్పుడు ఒక వారం పాటు మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఒక కాగితం మూలంగా మాట్లాడుకోలేదు. ఒకరు మా తాత, ఇంకొకరు మా నాన్న. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు చెప్పుకునే వయసు కాదని నాకూ తెలుసు. కానీ కాగితం మీద గీతలు గీయడమే నా బతుకుతెరువు అయ్యాక ఆ వారం మాటిమాటికీ గుర్తొస్తోంది. నోటితో చెప్పమంటే నాకు చేతకాదు. రాస్తే కొంత నయం.

అనంతగిరి దాటాక రోడ్డు దిగి, కాఫీ తోటల మధ్యగా చాలా దూరం నడిస్తే మా గూడెం వస్తుంది. మా ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. ఇంటి నడుమ కప్పును మోసే నిట్రాడు ఒకటుండేది. మా తాతకు తాత నిలబెట్టిన మద్దికర్ర అది. పొగకు నల్లబడి, వీపులు ఆనించి ఆనించి నున్నబడిపోయింది. చనిపోయిన మా పెద్దలు అందులో ఉంటారని తాత నమ్మకం. ఏటా కొత్త సామలు ఇంటికొచ్చిన రోజున మొదటి గరిటె అన్నం దాని మొదట్లో పెట్టేవాడు. ఆ అన్నం ఉడుకుతున్నంతసేపూ పొయ్యి వెలుగు నిట్రాడు మీద పడాలి. పెద్దలకు వంట కనబడాలట, కనబడకపోతే తమను పిలవలేదనుకుంటారట. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే తాత గసిరేవాడు. అలా ఎక్కువసార్లు అడ్డొచ్చింది నేనే. ఎక్కడ నిలబడాలో తెలియని పిల్లని.

ఆ ముందటేడు వానలకు ఇంటి వెనక గోడ కూలిపోయింది. నీలం బరకం కట్టి ఏడాది నెట్టుకొచ్చాం. మిగతా గోడలు కూడా ఉబ్బి, ఇంకో వానాకాలం ఆగేలా లేవు. అదృష్టం కొద్దీ మాకు సర్కారు ఇల్లు మంజూరైంది. పాత ఇంటి చోటనే కొత్తది కట్టాలి. వానలు పడకముందే పునాది లేవాలి. మేస్త్రి మా పని మొదలుపెట్టకపోతే పక్క గూడెం పనికి వెళ్లిపోతానన్నాడు.

ప్లాను గీసింది మా మేనత్త, నాన్న అప్పా అని పిలిచే అక్క. పాడేరులో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేది. సర్కారు ఇచ్చిన కొలతలకు తగ్గట్టు ఇల్లు గీసి, కాగితాన్ని గొట్టంలా చుట్టి జీపు డ్రైవరు చేతికిచ్చి పంపింది. అది వచ్చిన రోజు ఆదివారం. నాన్న, అమ్మ ప్రార్థన నుంచి అప్పుడే తిరిగొచ్చారు. వాళ్లు రెండేళ్లుగా ఆదివారాలు ప్రార్థనకు వెళ్తున్నారు. తాత వద్దనలేదు, సరేననీ అనలేదు. వాళ్లు బయల్దేరే వేళకు తాతకు ఎప్పుడూ తోటలో ఏదో పని తగిలేది. ఆ విషయం మా ఇంట్లో మూత పెట్టిన కుండలా ఉండేది. ఎవరూ మూత తీసేవారు కాదు.

నాన్న కాగితాన్ని అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి చూశాడు. కొన్ని గీతలు లావుగా, కొన్ని వెంట్రుకంత సన్నగా, కొన్ని తెగితెగి ఉన్నాయి. తాత కళ్లలో అప్పటికే పొర కమ్మింది. ఎదురుగా ఉన్నది మేకో కుక్కో అరిస్తేగాని చెప్పలేకపోయేవాడు.

"మీ తాతకి ఇయ్యేటి కనబడతాయే? దిద్దాల," అన్నాడు నాన్న నాతో.

సంతలో కొన్న నల్ల స్కెచ్ పెన్ను నా పలకల సంచిలోంచి తీశాడు. నేను స్కేలు కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. ఒక్కో గీత మీదా పెన్ను పెట్టి, నాలుక పళ్ల మధ్య నొక్కిపట్టి, నాగలి చాలు తోలినంత శ్రద్ధగా దిద్దాడు. తెగితెగి ఉన్న గీతల దగ్గరకొచ్చేసరికి నవ్వాడు.

"అప్ప పెన్నులో ఇంకు అయిపోనట్టున్నాది. మద్దెమద్దెన తెగిపోనాది సూడు."

పాపం, అవి కూడా అతికించాడు. పని పూర్తయ్యేసరికి కాగితం మీద గీతలన్నీ ఒకే లావున, ఒకే నలుపున నిగనిగలాడాయి. నాకది చాలా అందంగా కనిపించింది. నాన్నక్కూడా. తాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఎండ పడే చోట కూర్చోబెట్టి, కాగితం ఒళ్లో పెట్టాడు.

తాత కళ్లు కాగితానికి ఆనించినట్టు వంగి, వేలితో తడుముతూ చూశాడు. ఏది పొయ్యి అని అడిగాడు. నాన్న చూపించాడు. ఏది నిట్రాడు అని అడిగాడు. చిన్న గుండ్రం, నాన్న చూపించాడు. తాత వేలు పొయ్యి దగ్గర బయల్దేరి నిట్రాడు వైపు నడిచింది. సగం దూరంలో ఆగింది. అక్కడ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక నల్లటి గీత ఉంది.

"ఇదేటి?"

నాన్నకు తెలియదు. "గీత," అన్నాడు.

"గీతని నాకూ కనబడతంది. ఆ గీత గోడైతే ఈ గీత గోడ కాదేటి?"

తాత వేలు ఇల్లంతా తిరిగొచ్చింది. ఇంటి చుట్టూ కూడా ఇంకో గీత ఉంది, దానికి ఎక్కడా గుమ్మం లేదు.

"సుట్టూ ఇంకో గోడ. దారి నేదు. లోపలెట్టి కప్పెట్టీడానికా? నీకు నిట్రాడు బరువైపోనాదని సెప్తే నానే పీకి ఇచ్చీసేవాణ్ని కదరా. దొంగసాటున గోడెందుకు?"

ఆ మాటతో కుండ మూత ఎగిరిపోయింది. తాత ప్రార్థన అన్న మాట ఎత్తలేదు, కానీ అక్కడున్న అందరికీ అదే వినబడింది. నాన్న మొహం ఎర్రబడింది. "నానేటి సేసినాను?" అన్నాడు, ఒక్కసారే. తాత తన గొంగళి భుజాన వేసుకున్నాడు. కొత్త ఇంట్లో మీరుండండి, నాకు పశువుల సాల చాలు అన్నాడు. నేను పుట్టినప్పటి నుంచీ తాత వీపుకు ఆనుకుని పడుకున్నదాన్ని. ఆ రాత్రి నుంచి నిట్రాడుకు ఆనుకుని పడుకున్నాను.

వారమంతా నేను మాటలు మోశాను. ఇద్దరూ ఒకే వాకిట్లో, కేక అక్కర్లేనంత దగ్గరలో కూర్చుని, మీ తాతని అంబలి తాగమని సెప్పు అని ఒకరు, నాకు ఆకలి నేదని మీ నాన్నకి సెప్పు అని ఒకరు. ఏ మాట గట్టిగా చెప్పాలో, ఏది మెత్తగా చెప్పాలో, ఏది మధ్యలో వదిలేయాలో తెలియక అన్నీ ఒకే గొంతుతో అప్పజెప్పేదాన్ని. అంబలి తాగమన్న మాటా, ఆ ముసిలోడి మొండితనం ఈ ఊళ్లో ఎవుడికీ నేదన్న మాటా ఒకేలా. దాంతో గొడవ పెరిగిందే తప్ప తగ్గలేదు. మేస్త్రి ఒకసారి వచ్చి, పునాదికి ముగ్గు పోయమంటారా వద్దా అని అడిగి, సాల వైపోసారి అరుగు వైపోసారి చూసి వెళ్లిపోయాడు. సాయంత్రాలు కొండల మీద మబ్బు కమ్ముకొచ్చేది.

అమ్మ కబురంపితే, సంత రోజున జీపులో అత్త దిగింది. భుజాన ప్లాన్లు పెట్టుకునే పొడుగాటి గొట్టం వేలాడుతోంది. సాలలో కూర్చున్న తాతకు గొట్టం నీడ మాత్రం తెలిసింది.

"ఎవులది? ఆ గొట్టంలో జీలుగు కల్లు తెచ్చినావేటే?"

"తాగి ఊగడానికి నీకు ఇల్లుండాల కదా ముందు," అంది అత్త. మా ఇంట్లో తాతకు ఎదురు సమాధానం చెప్పగలిగింది ఆవిడొక్కతే.

కాగితం చూడగానే అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "ఓలమ్మా! ఒరే తమ్ముడూ, ఏటి సేసినావురా? సూరు కూడా గోడైపోనాది!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నాన్న నవ్వలేదు.

"అయ్యకి కనబడాలని దిద్దినానప్పా," అన్నాడు నేలకేసి చూస్తూ.

అత్త నవ్వు ఆపేసింది. కాగితాన్ని చుట్టి పక్కన పెట్టి, సాలలోకి వెళ్లి తాత ముందు గొంతుక్కూర్చుంది. గీతలన్నీ గోడలు కావని చెప్పబోయింది. తాత చెయ్యి అడ్డంగా ఊపాడు. నువ్వెన్ని సెప్పినా గీత గీతే అన్నాడు. అత్త నన్ను పిలిచింది.

"గుంటా, పెరట్లో పండిన బొప్పాయి ఒకటి కోసుకురా. బేగి."

నేను పరుగున తెచ్చాను. అత్త దాన్ని నిలువుగా కాక, నడుముకు అడ్డంగా రెండుగా కోసింది. కింది సగాన్ని తాత చేతిలో పెట్టి, కోసిన చోట వేలితో తడమమంది.

"కత్తి దేనికి తగిలింది అయ్యా?"

"కండకి."

"లోపల గింజలకి?"

"వాటికేటి తగుల్తాది? అవి కింద గుంటలో ఉన్నాయి."

"మరి తొడిమేది?"

"పైసగంతో ఎలిపోనాది. నీ సేతిలో ఉన్నాది. పిసరంత పిల్లని సేసి అడుగుతున్నావేటి నన్ను?"

"ప్లానంటే అంతే అయ్యా. ఇంటిని కిటికీ ఎత్తులో అడ్డంగా కోసి, పైసగం తీసీసి, మీంచి సూసినట్టు. కత్తి తగిలిందే గోడ. దాన్ని లావుగా గీత్తాం. కింద ఉన్న అరుగూ మెట్టూ సన్నగా గీత్తాం, గింజల్లాగ. పైన ఉన్నది కత్తితో పాటు ఎలిపోనాది. ఉందని మరిసిపోకుండా తెంపుతెంపు గీత ఎట్టి ఊరుకుంటాం. నీకు అడ్డొచ్చిన గీత గోడ కాదు, తలమీద దూలం. సుట్టూ ఉన్నది సూరు."

తాత బొప్పాయి తడుముతూనే ఉన్నాడు. నమ్మినట్టు లేడు. కాగితం మీద తన వేలికి అడ్డొచ్చిన నల్లటి గీత ఆయనకు బాగా గుర్తుంది. అత్తకు కూడా అది అర్థమైనట్టుంది. వాకిట్లోకి రమ్మంది.

పేడతో అలికిన వాకిలి అప్పుడే ఆరింది. అత్త పొయ్యిలోంచి పెద్ద బొగ్గు తెచ్చి, దాన్ని అడ్డంగా పట్టుకుని అరచేయంత వెడల్పున గోడలు గీసింది. గుమ్మాల దగ్గర ఖాళీ వదిలింది. అరుగు అంచును చీపురుపుల్లతో గీరింది, అది దగ్గరకొస్తేగాని కనిపించదు. దూలానికీ చూరుకూ మాత్రం ముగ్గుపిండి చిటికెలు చిటికెలుగా వదులుతూ వెళ్లింది. తర్వాత నన్ను ఒక మూల కూర్చోమంది. నువ్వు పొయ్యివి, మండు అంది. నాకు సిగ్గేసింది, కానీ కూర్చున్నాను. నాన్నను నడుమన నిలబడమంది.

"నానెందుకు?"

"నువ్వు నిట్రాడువి. నిట్రాళ్లు మాట్లాడవు."

తాత కర్ర పట్టుకుని గుమ్మంలోంచి వచ్చాడు. నల్లటి పట్టీ ఎక్కడుంటే అక్కడ ఆగి, కర్రతో కొట్టి, ఇది గోడా అని అడిగేవాడు. గోడే, ముక్కు పగుల్తాది అనేది అత్త. అలా గోడలు తప్పుకుంటూ నా దగ్గరకొచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, పొయ్యి బాగానే మండతంది అన్నాడు. నా పక్కనే చతికిలబడి నిట్రాడు వైపు చూశాడు. వారం తర్వాత ఆయన నాన్న వైపు చూడటం అదే మొదటిసారి. ఆ కళ్లకు మొహం తెలిసేది కాదు, నిలువెత్తు ఆకారం మాత్రం తెలిసేది. మధ్యలో తెల్లటి చుక్కలు తప్ప ఏమీ లేవు.

తాత లేచి నడిచాడు. చుక్కల దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"దాటు అయ్యా. తగల్దు," అంది అత్త. "తలెత్తితే కనబడతాది. కాలికి తగల్దు."

ఆయన గడప దాటుతున్నట్టు కాలు బాగా పైకెత్తి, జాగ్రత్తగా అవతల వేశాడు. కాలికి ఏదీ తగల్లేదు. ఇంకో అడుగు వేశాడు. చెయ్యి చాపి నాన్న రొమ్ము మీద పెట్టాడు, రోజూ పొద్దున్నే నిట్రాడును తాకినట్టే.

అప్పుడు అత్త చెప్పింది. ప్లాను గియ్యమని నాన్న పాడేరు వచ్చినప్పుడు, గదులు ఎన్నని చెప్పకముందే, ముందు నిట్రాడు గియ్యప్పా, ఇల్లు దాని సుట్టూ గియ్యి అన్నాడట. కొత్త ఇంటి కప్పుకు నిట్రాడు అవసరమే లేదని ఆవిడ చెప్పినా వినలేదట.

తాత చెయ్యి తియ్యలేదు.

"మరి నాతో సెప్పనేదేటిరా?"

"నువ్వడగనేదు."

"ఇదేటని అడిగినాను కదరా!"

"గీతని అడిగినావు. నన్నడగనేదు," అన్నాడు నాన్న.

తాత ముక్కు చీదుకుని, "ఒరే, ఆకలేత్తంది," అన్నాడు. ఆ మాట నేను మోయక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్న అత్త పల్చటి కాగితం పరిచి ప్లాను మళ్లీ గీసింది. ఆవిడ దగ్గర మూడు ఇంకు పెన్నులు ఉండేవి, మూడింటి మొనలూ మూడు లావులు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో గీతకూ ముందు ఏ పెన్నో నన్నే చెప్పమంది. పెరట్లో కోడిని కూడా గీసి దాన్ని లావు పెన్నుతో దిద్దుదాం అన్నాను, ఆ కోడంటే నాకు ప్రాణం. నీకిట్టమైందల్లా లావుగా గీత్తే మేస్త్రి కోడి సుట్టూ గోడ కడతాడు అంది అత్త. ముందు అన్నీ సన్నగా గీసుకుని, కళ్లు సగం మూసి చూసి, నడిచే మనిషికి ఏది తగులుతుందో దాన్నే లావు చెయ్యాలట. ఆ పొద్దున వాకిలి నిండా మంచు ఉంది. మిరియాల తీగ అల్లుకున్న దగ్గరి చెట్టు ముదురుగా, దాని వెనకది పల్చగా, కొండ ఉందో లేదో అన్నట్టు ఉన్నాయి. అత్త వాటికేసి గడ్డంతో చూపించి మళ్లీ పనిలో పడింది.

గీత ఆరాక కాగితం తాతకిచ్చాం. ఆయన వంగి చూసి గోడలున్నాయన్నాడు. నిట్రాడు నల్లగా, నిండుగా కనబడతంది అన్నాడు. అరుగు గీత, గచ్చు గీతలు, కొలతలు ఆయనకు తెలియలేదు. నేను కంగారుపడి అత్త వైపు చూశాను. మీ తాతకి సన్న గీతలు కనబడకపోనా ఇల్లు తెలిసింది కదే, బొమ్మ కుదిరినట్టే అంది.

ముగ్గు పోశారు. వానలకు ముందే పునాది లేచింది. కొత్త ఇంట్లో ఆ మద్దికర్ర ఏ కప్పునూ మోయదు, ఊరికే నిలబడి ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక వచ్చిన మొదటి కొత్త సామలనాడు తాత దాని మొదట్లో అన్నం పెట్టాడు. నాన్న దండం పెట్టలేదు. కానీ వెలుగు తగ్గుతోందని పొయ్యిలో కర్రలు ఎగదోసింది ఆయనే. నేను దూలం కింద నుంచి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ రోజు తాత నన్ను గసరలేదు.

ఇప్పుడు తాత లేడు. అత్త దారినే నేనూ నడిచి, విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ప్లాన్లు గీస్తున్నాను. అక్కడ పెన్నులు లేవు. కంప్యూటర్లో గీతకో రంగు, రంగుకో లావు. ఎన్ని లావులు కావాలన్నా ఉంటాయి కాబట్టి ఏది ఎంచుకోవాలన్నది మరీ కష్టం. ప్రింటు చేతికి రాగానే కళ్లద్దాలు తీసేసి, చేతులు చాపి దూరంగా పట్టుకుని చూస్తాను. మా ఆఫీసులో అది చూసి నవ్వుకుంటారు. అద్దాలు లేకుండా నాకు కనిపించేది తాతకు కనిపించినంతే. గోడలు, స్తంభాలు కనిపిస్తే సరే. అన్నీ కనిపిస్తే మళ్లీ మొదలుపెడతాను. అలాంటి కాగితం చూసినప్పుడల్లా స్కెచ్ పెన్ను పట్టుకుని నాలుక నొక్కిపెట్టిన నాన్న మొహం గుర్తొస్తుంది. అన్నీ బాగా కనబడాలన్న ప్రేమతోనే ఆయన అంత గోడ కట్టేశాడు.

కాగితం మీద ఈ పని నాకు పట్టుబడింది. మనుషుల మధ్య ఇంకా పూర్తిగా రాలేదు. నలుగురు కూర్చున్న గదిలోకి నా కాగితాలు పట్టుకుని వెళ్లాలంటే గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతాయి. లోపల ఎవరో అడగబోయే ప్రశ్న, నవ్వబోయే నవ్వు, నా గొంతు వణకడం, అన్నీ ఒకే లావు నల్ల గీతలై అడ్డంగా నిలబడతాయి. అప్పుడు కళ్లు సగం మూసుకుంటాను. వాటిలో నిజంగా గోడ ఏదో వెతుకుతాను. చాలాసార్లు ఒక్కటీ ఉండదు.

దాటు, తగల్దు అంటుంది అత్త గొంతు. కాలు కొంచెం ఎక్కువే ఎత్తి, లోపల పెడతాను.